సగం ప్రేమ ఊళ్లోనే ఉండిపోయింది

ఉమ్మడి కుటుంబాలు నడిచిన రోజుల్లో మగవాడు తన తండ్రి ఎదుట సొంత బిడ్డను ఎత్తుకునేవాడు కాదు. పిల్లాడు ఏడుస్తూ వచ్చి కాళ్లకు చుట్టుకున్నా 'అమ్మ దగ్గరికి పోరా' అనేవాడే గానీ చంకనేసుకునేవాడు కాదు. పెద్దల ముందు కన్నబిడ్డను ముద్దు చేయడం సిగ్గుమాలిన పని అనుకునే ఇళ్లు గుంటూరు నుంచి కరీంనగర్ దాకా ఎన్నో ఉండేవి. అయినా ఆ పిల్లలెవరూ ముద్దుమురిపాలకు మొహం వాచిపోలేదు. నాయనమ్మ ఒళ్లో పడుకునేవారు. తాతయ్య భుజమెక్కి తీర్థానికి వెళ్లేవారు. మేనత్త నలుగు పెట్టి నీళ్లు పోసేది, పిన్ని గోరుముద్దలు పెట్టేది, బాబాయి సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. నాన్న కొట్టబోతే దాక్కోవడానికి ఇంట్లో నాలుగు కొంగులుండేవి. తండ్రి గంభీరంగా ఉన్నా చెల్లిందంటే, ముద్దు చేసే పని ఇంకెవరో చేస్తూ ఉండబట్టే.

ఆ ఇంట్లో పెరిగిన కొడుకు అమెరికా వెళ్లాడు. పెళ్లయ్యాక భార్యను తీసుకెళ్లాడు. చదువు, మార్కులు, ఫీజులు, రేపటి గురించిన భయం, అంటే ఇంట్లో తండ్రి వంతుకు వచ్చినవన్నీ వాళ్లతో పాటు విమానమెక్కాయి. ముద్దు చేసేవాళ్లు మాత్రం ఊళ్లో ఉండిపోయారు. వలస గురించి మనవాళ్లు చాలా రాశారు. డాలర్ల గురించి, వీసాల గురించి, ఒంటరి ముసలివాళ్ల గురించి రాశారు. ఇంట్లో ప్రేమ పంపకం చెదిరిపోయిన సంగతి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. విదేశాల్లో పెరిగిన ఆసియా పిల్లలు 'మా అమ్మానాన్నలకు ప్రేమగా మాట్లాడటం రాదు' అంటుంటే, ఆ తల్లిదండ్రుల మనసు బండబారిందని నాకెప్పుడూ అనిపించలేదు. ఇంటినిండా మనుషులు పంచుకున్న పని ఇద్దరి నెత్తిన పడింది. అందులో తమ వంతు ఎంతో అంతవరకే వాళ్లకు తెలుసు.

కుటుంబాలు ఇలా విడిపోవడంలో చట్టాల పాత్ర తక్కువేం కాదు, మనకంటే ముందు చైనావాళ్లకూ ఇదే జరిగింది. అమెరికా 1875లో తెచ్చిన పేజ్ చట్టం చైనా ఆడవాళ్ల రాకను దాదాపుగా ఆపేసింది. 1882లో చైనా కూలీల రాకనే నిషేధించారు. అప్పటికే అక్కడ రైలు పట్టాలు వేసిన, బట్టలుతికిన మగవాళ్లు పెళ్లాం పిల్లల్ని దక్షిణ చైనా పల్లెల్లో వదిలేసి దశాబ్దాలు ఒంటరిగా బతికారు. 1946లో భారతీయులకు తలుపు తెరిచారు గానీ ఏడాదికి 100 మందికే. దేశాల వారీ కోటాలు 1965లో పోయాకే మన డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లడం మొదలైంది. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం 'తానా' తొలి మహాసభలు జరిగేనాటికి తెలుగువాళ్లు సంఘం పెట్టుకునేటంత మంది అయ్యారు. 1990 నాటి చట్టంతో హెచ్1బి వీసా వచ్చింది, దాని వెనకే ఐటీ ఉద్యోగాలు వచ్చాయి. ఈ చట్టాల లెక్కలో కుటుంబమంటే మొగుడూ పెళ్లాం, పిల్లలు. పౌరసత్వం వచ్చాక అమ్మానాన్నల కోసం, అక్కచెల్లెళ్ల కోసం దరఖాస్తు పెట్టుకునే వీలుంది, కాదనను. కానీ అక్కచెల్లెళ్ల వరస మనదేశం వాళ్లకు పదేళ్లు దాటినా కదలదు. మేనత్త వచ్చి దిగేసరికి, ఆమె ఎత్తుకుని ఆడించాల్సిన మేనకోడలు కాలేజీకి వెళ్లిపోయి ఉంటుంది.

మనుషులు కదలలేని చోట డబ్బు కదిలింది. ఆగ్నేయాసియా నుంచి, అమెరికా నుంచి చైనా కూలీలు ఇంటికి పంపిన సొమ్ముతో పాటు ఒక ఉత్తరం కూడా వెళ్లేది. చియావ్‌పీ అనే ఆ ఉత్తరాలను యునెస్కో 2013లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఫలానా అంత పంపుతున్నాను, అందులో అమ్మకు ఇంత, పెదనాన్నకు ఇంత, పిల్లాడి బడికి ఇంత అని పద్దు రాసి, అందరూ ఆరోగ్యం చూసుకోండని ముగించే ఉత్తరాలు వాటిలో కోకొల్లలు. పైపైన చూసినవాడికి చిట్టాపద్దులే కనిపిస్తాయి. నాకు మాత్రం, సముద్రం అవతల ఉండి కూడా ఇంట్లో ఒక్క మనిషిని మరిచిపోకుండా పేరుపేరునా తలుచుకున్న కొడుకు కనిపిస్తాడు. బెంగగా ఉందని రాయడం చేతకానివాడు పిన్నికి రెండు డాలర్లు విడిగా కేటాయించాడు.

మన ఇళ్లలో ఆ ఉత్తరం సూట్‌కేసు రూపం ఎత్తింది. అమెరికా ప్రయాణానికి పది రోజుల ముందు విజయవాడలోనో వరంగల్‌లోనో ఏ ఇంటికి వెళ్లినా ఆ దృశ్యం చూడొచ్చు. హాల్లో రెండు పెట్టెలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి, ఒక్కోదానికి 23 కిలోల లెక్క. ఆవకాయను కవరు మీద కవరు వేసి సీలు చేయించి తెస్తారు. పచ్చి కరివేపాకును అక్కడి కస్టమ్స్ వాళ్లు రానివ్వరు కాబట్టి ఎండబెట్టి పొడి కొడతారు. సున్నుండలు, కారప్పొడి, మనవరాలికి పట్టు లంగా, చీరల మడతల మధ్య జంతికల డబ్బా. రిటైరైన తండ్రి కొక్కెం తూకం పట్టుకుని పెట్టె లేపి చూస్తాడు. 24 చూపిస్తుంది. తన కూతురికని తెచ్చిన పుస్తకం తీసేస్తాడు, మళ్లీ తూస్తాడు. తాడు కట్టి, మార్కర్‌తో పేరు పెద్ద అక్షరాల్లో రాసి, ఎక్కడైనా చిరుగుతుందేమోనని మూలలకు టేపు వేస్తాడు. రాత్రి రెండింటికి లేచి ఇంకోసారి తూస్తాడు. విమానాశ్రయంలో కూతురితో ఆయన అనేది ఒక్కటే మాట: 'దిగాక ఫోన్ చెయ్యి.'

ఆ కూతురు పుట్టి పెరిగింది ఇక్కడే గనక ఆ తూకం భాష ఆమెకు తెలుసు. ఆమె బిడ్డకు తెలియదు. అసలు చిక్కు అక్కడుంది.

న్యూజెర్సీలోనో డాలస్ శివార్లలోనో బడి బస్సు ఆగే చోట నిలబడితే తెలుస్తుంది. పక్కింటి తెల్లపిల్లను వాళ్లమ్మ కావలించుకుని 'లవ్ యూ స్వీటీ' అంటుంది. ఆ పిల్ల తిరిగి అదే మాట అంటుంది. రోజూ జరిగేదే. మన పిల్లకు వాళ్లమ్మ జాకెట్ జిప్ పైకి లాగి, లంచ్‌బాక్స్ సంచిలో ఉందో లేదో చూసి, 'అన్నం మొత్తం తిను, ఇంటికి తేవద్దు' అంటుంది. ఏడేళ్ల పిల్ల ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోకుండా ఉండదు. తన చుట్టూ ప్రేమంటే ఏమిటో ప్రతి సినిమా, ప్రతి పుట్టినరోజు కార్డు ఒకేలా చెబుతున్నప్పుడు, తన ఇంట్లో అది వినబడకపోతే లేదనే అనుకుంటుంది. తప్పెవరిది అని అడిగితే నేను ఆ పిల్ల వైపే నిలబడతాను. ఆమెకు చదవడం నేర్పనిదాన్ని చదవలేదని నింద వేయకూడదు.

2022లో వచ్చిన 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' సినిమాకు మరుసటి ఏడాది ఉత్తమ చిత్రంతో సహా ఏడు ఆస్కార్లు వచ్చాయి. లాండ్రీ నడుపుకునే చైనా తల్లి, ఆమె అమెరికా కూతురు. మొదట్లోనే కూతురు అలిగి కారెక్కబోతుంటే తల్లి వెనకాలే వెళ్తుంది. ఏదో చెప్పాలనే వెళ్లింది, ఆమె మొహం చూస్తే తెలుస్తుంది. చివరికి నోటివెంట వచ్చింది మాత్రం, లావవుతున్నావు, తిండి సంగతి చూసుకో అని. తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లు ఆ సన్నివేశం చూసి ఉలిక్కిపడ్డారంటే ఆశ్చర్యం లేదు. ఏడాది తర్వాత ఇంటికొచ్చిన కొడుకును గుమ్మంలోనే 'ఇంత చిక్కిపోయావేంట్రా, అక్కడ తింటున్నావా లేదా' అని నిలదీసే తల్లులు మనకు తక్కువా?

పొగడ్త దగ్గర సంగతి ఇంకా గట్టిది. మనవాళ్లు పిల్లల్ని ముఖాన పొగడరు. దిష్టి తగులుతుందని భయం, అందులోనూ కన్నతల్లి దిష్టే ముందు తగులుతుందంటారు. బుగ్గన చుక్క పెట్టిన తల్లే, పిల్ల క్లాసులో ఫస్టు వచ్చిందని చెబితే 'సరే, లెక్కల్లో ఆ నాలుగు మార్కులెక్కడ పోయాయి' అంటుంది. చైనా, కొరియా ఇళ్లలో దిష్టి మాట లేకపోయినా, నలుగురిలో సొంత బిడ్డను మెచ్చుకోవడం గొప్పలకు పోవడమే అనే మర్యాద ఉంది. ఫలితం ఒకటే. మార్కులు అడిగిన ఆ రాత్రే మన తల్లి ఇండియాలోని అక్కకు ఫోన్ చేసి అరగంట సేపు కూతురి గురించి మురిసిపోతుంది. పక్క గదిలో కూతురికి ఆ తెలుగు సగం అర్థమవుతుంది, సగం కాదు. పెద్దమ్మకు చేరిన ఆ మెప్పులో నాలుగు మాటలు ఆ గది దాకా వెళ్తే ఏ దిష్టీ తగలదు. ఇది నేను గట్టిగా నమ్మి చెబుతున్న మాట.

అమెరికాలోని ఆసియా మూలాల దర్శకులు మళ్లీ మళ్లీ అమ్మమ్మలను, నాయనమ్మలను వెతుక్కుంటూ వెళ్లడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది నాకు. 'మినారి' సినిమాలో 1980ల నాటి ఆర్కన్సాస్ పల్లెకు కొరియా నుంచి అమ్మమ్మ దిగుతుంది. పెట్టె విప్పి మిరపకారం, ఎండుచేపలు తీసేసరికి కూతురి కళ్లు చెమ్మగిల్లుతాయి. మనవడు మాత్రం ఆమెను దగ్గరకు రానివ్వడు. బిస్కెట్లు చేయదు, బూతులాడుతుంది, ఈమె అసలు అమ్మమ్మలా లేదంటాడు. వాడికి అమ్మమ్మ అంటే టీవీలో చూసిన అమ్మమ్మే. ఆ పాత్ర వేసిన యూన్ యో జంగ్‌కు 2021లో ఆస్కార్ వచ్చింది. 2019 నాటి 'ది ఫేర్‌వెల్' సినిమా దర్శకురాలు లూలూ వాంగ్ సొంత ఇంటి కథ. నాయనమ్మకు క్యాన్సర్ అని తెలిసి కూడా ఇంటిల్లిపాదీ ఆమెకు చెప్పరు. ఉత్తుత్తి పెళ్లి ఒకటి పెట్టుకుని, ఆ వంకతో అందరూ చివరిచూపుకు వస్తారు. ఆరేళ్లప్పుడు దేశం వదిలి అమెరికాలో పెరిగిన మనవరాలికి అది అబద్ధం, అన్యాయం. ఇంట్లో వాళ్లకు అది ఆమె మోయాల్సిన బరువును తామంతా కలిసి మోయడం. సినిమా ఎవరినీ దోషిని చేయదు. మన ఊళ్లలో 'పెద్దాయనకు చెప్పకండి డాక్టర్ గారూ' అని బతిమాలే కొడుకులను చూసినవాళ్లకు ఆ కథ పరాయిదిగా తోచదు.

నిజం నాయనమ్మలు ఆర్నెల్ల కోసం వస్తారు. విజిటర్ వీసా మీద సాధారణంగా ఉండనిచ్చేది అంతే. కోడలి కాన్పుకో కూతురి కాన్పుకో వచ్చి, పసిబిడ్డకు కాళ్ల మీద నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, చందమామను చూపిస్తూ అన్నం పెడతారు. ఇంట్లో పోయిన వంతు తిరిగొస్తుంది. అలాంటి ఒక ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడు నాయనమ్మ దగ్గర తప్ప పడుకునేవాడు కాదు. ఆమె వెళ్లిపోయిన మర్నాడు, ఆమె వదిలిన నూలుచీర దుప్పటిలా చుట్టుకుని నెలల పాటు దాన్ని ఉతకనివ్వలేదు. ఆ తల్లి నాతో అన్నది: 'వాడు అత్తయ్య గారి దగ్గర అంత గారం పోతుంటే మొదట అసూయ పడ్డానండీ. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, నాకూ చిన్నప్పుడు అమ్మ కంటే నాయనమ్మ దగ్గరే చేరిక. మా అమ్మ దగ్గర నేను గారం నేర్చుకోలేదు, వీడికేం ఇస్తాను?' అత్తగారిని చూసి చూసి ఆమె పిల్లాడిని ఒళ్లో వేసుకుని కథ చెప్పడం నేర్చుకుంది. ముప్పై నాలుగేళ్ల వయసులో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ.

చైనాలోని ఫూజియన్ నుంచి వచ్చి న్యూయార్క్‌లో హోటళ్లలో పనిచేసే దంపతులు ఇదే సమస్యకు ఎదురుదారి తొక్కారు. నాయనమ్మ రాలేదు కాబట్టి, పుట్టిన కొన్ని నెలలకే బిడ్డను ఆమె దగ్గరికి పంపేస్తారు. బడి ఈడుకు వెనక్కి తెచ్చుకుంటారు. ప్రేమించేవాళ్ల దగ్గర పెరగాలనే పంపుతారు. తిరిగొచ్చిన పిల్లకు మాత్రం అమ్మ అనిపించుకునే మనిషి కొత్త మనిషి. ఆ ఇల్లు మళ్లీ ఒక కుటుంబం కావడానికి ఏళ్లు పడుతుంది.

గల్ఫ్ దారి పట్టిన మన ఆడవాళ్ల కథ నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేస్తుంది. కడప వైపు రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులు వేలల్లో ఉన్నారు. వెనకటికి ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవారు. ఇప్పుడు 'ఇమో' యాప్‌లో మొహాలు చూసుకుంటారు. అక్కడ పరాయి ఇంటి బిడ్డకు తల దువ్వి, తినిపించి, జోకొట్టిన మనిషికి రాత్రి పదింటికి ఫోన్ చేతికొస్తుంది. తన బిడ్డతో మాట్లాడటానికి ఉన్న పావుగంటలో ఫీజు కట్టారా, అమ్మమ్మ మాట వింటున్నావా, ఫోన్ చూస్తూ కూర్చుంటున్నావంట, ఇవే అడుగుతుంది. దూరం ఆమెను తల్లి వంతు నుంచి తండ్రి వంతుకు నెట్టేసింది. ముద్దు చేయడానికి చేతులు కావాలి, పక్కన ఉండాలి. ఫోన్‌లో మిగిలేది ఆరా, అదుపు. ఫిలిప్పీన్స్ తల్లులు నెలల తరబడి ఒక్కొక్కటే కొని పెద్ద అట్టపెట్టె నింపి ఊరికి పంపుతారు. మనవాళ్లు బంగారం గాజులు, సెంటు సీసాలు, మిల్క్‌పౌడర్ డబ్బాలు తెస్తారు. ఆ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక 'అమ్మ మా కోసమే వెళ్లింది' అని కృతజ్ఞతతో చెబుతారు, ఆ నోటితోనే 'కానీ నాకామె అంతగా తెలియదు' అంటారు. రెండూ నిజాలే.

మాట లేకపోతే ప్రేమ లేదనడం తప్పని పరిశోధనలూ చెబుతున్నాయి. 2007లో మనస్తత్వవేత్తలు షెల్లీ టేలర్, హీజుంగ్ కిమ్, డేవిడ్ షెర్మన్ మరొకరితో కలిసి కాలిఫోర్నియాలో ఒక పరీక్ష చేశారు. మనుషులను కాస్త ఒత్తిడికి గురిచేసే పని ఇచ్చి, దానికి ముందు కొందరిని తమకు ఆప్తులైన వాళ్ల గురించి ఊరికే తలుచుకుని రాయమన్నారు, ఇంకొందరిని ఆప్తుల సాయం, సలహా అడుగుతూ ఉత్తరం రాయమన్నారు. లాలాజలంలో ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. ఆసియా మూలాలున్నవాళ్లకు తలుచుకోవడమే ఊరటనిచ్చింది, నోరు తెరిచి అడగడం భారమైంది. తెల్ల అమెరికన్లకు అడగడమే మేలు చేసింది. గుండె విప్పుకోకపోయినా మనవాళ్లున్నారన్న ధీమా మన ఒంట్లో పనిచేస్తుందన్నమాట.

అంతమాత్రాన మౌనాన్ని నెత్తిన పెట్టుకోకూడదు. కోసిన పండ్ల పళ్లెం గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిన తల్లిని తలుచుకుని కళ్లు తుడుచుకునే వ్యాసాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఆ తల్లి ప్రేమను నేను శంకించను. కానీ ఆ గదిలో పిల్ల మూడు వారాలుగా నిద్రపోవడం లేదని పళ్లెం కనిపెట్టలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ లెక్కల్లో 2019లో 15 నుంచి 24 ఏళ్ల లోపు ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్నవారి మరణాలకు మొదటి కారణం ఆత్మహత్య. కారణాలు అనేకం. ఏ తల్లినీ తండ్రినీ వేలెత్తి చూపడానికి ఈ లెక్క చెప్పడం లేదు. బాగోలేదని ఇంట్లో చెప్పుకోగలిగితే ప్రాణం దక్కే సందర్భాలుంటాయి, అందుకని చెబుతున్నాను. 2011లో ఎమీ చువా రాసిన పుస్తకంతో, కఠినంగా పెంచే తల్లిని 'పులి తల్లి' అనడం లోకమంతా పాకింది. రెండేళ్లకు టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన సు యంగ్ కిమ్ బృందం 400కు పైగా చైనీస్ అమెరికన్ కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించి తేల్చింది వేరు. పులి తల్లిదండ్రుల కంటే అండగా నిలిచే తల్లిదండ్రులే ఎక్కువ. పులుల పిల్లలకు వీళ్ల పిల్లల కంటే మార్కులు తక్కువ, దిగులు ఎక్కువ. కఠినంగా ఉంటేనే చదువొస్తుందన్న నమ్మకంతో కడుపులోని ముద్దును దాచుకున్నవాళ్లు దీన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఇప్పుడు మాట పెగలాల్సిన అవసరం ఇంకో వైపు నుంచి ముంచుకొస్తోంది. 1970ల్లో వెళ్లినవాళ్లు ముసలివాళ్లయ్యారు. చైనా వాళ్లకు ఈ ఘట్టం ముందే వచ్చింది. తల్లిదండ్రులను నర్సింగ్‌హోమ్‌లో వేయడానికి మనసొప్పని శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ వాసుల కోసం 1971లో 'ఆన్ లాక్' సంస్థ పుట్టింది. పగలు పెద్దవాళ్లను తీసుకొచ్చి, వాళ్ల భాషలో మాట్లాడి, వాళ్ల తిండి పెట్టి, వైద్యం చూసి, రాత్రికి ఇంటికి చేర్చే పద్ధతి అది. తర్వాత అమెరికా ప్రభుత్వం దాన్ని దేశమంతటికీ నమూనాగా తీసుకుంది. భారతీయ పెద్దల కోసం కూడా ఫ్లోరిడాలోని టవారెస్ లాంటి చోట్ల కాలనీలు వెలిశాయి.

భోజనం, భాష సమకూరినా ఇంకొకటి మిగులుతుంది. నోట మాట రాని స్థితి వస్తే మీ తరఫున ఎవరు నిర్ణయించాలి, యంత్రాల మీద ఉంచాలా వద్దా అని ముందే కాగితం రాసిపెట్టుకోమని అక్కడి ఆసుపత్రులు చెబుతాయి. జీవితమంతా మనసులో మాట చెప్పని తండ్రి ఆ కాగితం ముందు కూర్చోవాలి. న్యూజెర్సీలో స్థిరపడి ఎనభైకి దగ్గరపడిన ఒక తెలుగు ఇంజినీరు గారి కూతురు చెప్పిన సంగతి ఇది. ఆయనకు కొడుకూ ఉన్నాడు, డాక్టరు కూడా. కొడుకు పేరే రాస్తారని అందరూ అనుకున్నారు. ఆయన కూతురి పేరు రాశారు. ఎందుకు నాన్నా అని అడిగితే, 'వాడు వాడికి తెలిసింది చేస్తాడమ్మా. నాకేం కావాలో అడిగేది నువ్వొక్కదానివే' అన్నారట. నలభై ఏడేళ్లలో ఆయన నోట తన గురించి విన్న మొదటి మెప్పు అదేనంది ఆమె. ఆ తర్వాత తండ్రీకూతుళ్లు వెంటిలేటర్ పెట్టాలా వద్దా అనే దాని మీద గంటసేపు వాదించుకున్నారు. ఇద్దరిదీ మొండిపట్టే, ఆ వాదన ఇంకా తేలలేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో మళ్లీ అందుకుంటున్నారు.